గేమ్ హిట్టా, ఫట్టా? ప్లేయర్ల లెక్కపై మా సెంటర్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురంలో మాది చిన్న గేమింగ్ సెంటర్. పన్నెండు సిస్టమ్‌లు, ఒక ఇన్వర్టర్, ఒక కూల్‌డ్రింక్స్ ఫ్రిజ్. వచ్చే కుర్రాళ్ళలో సగం మంది ఆడటానికన్నా వాదించుకోవడానికే వస్తారు. "ఆ గేమ్‌లో ఇప్పుడు ఐదు లక్షల మంది ఉన్నార్రా" అని ఒకడు, "పోరా, నిన్నటికి సగం పడిపోయారు, దాని పని అయిపోయింది" అని ఇంకొకడు. చివరికి తీర్పు చెప్పమని నన్ను లాగుతారు. ఒకే మాట వందసార్లు చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నాను. ప్రశ్నల్ని వాళ్ళ మాటల్లోనే ఉంచాను.

అన్నా, ఇప్పుడు ఎంతమంది ఆడుతున్నారో ఎవరు లెక్కపెడతారు?

మనవాళ్ళు ఫోన్‌లో చూపించే అంకె దాదాపు ఎప్పుడూ స్టీమ్‌ది. స్టీమ్ అంటే వాల్వ్ కంపెనీ 2003లో మొదలుపెట్టిన పీసీ గేమ్‌ల దుకాణం. కొన్న గేమ్‌ని దాని ద్వారానే తెరవాలి కాబట్టి, ఈ నిమిషంలో ఏ గేమ్ ఎంతమంది దగ్గర నడుస్తోందో దానికి తెలుసు. ఆ సంఖ్యని దాచకుండా బయటపెడుతుంది. స్టీమ్‌డీబీ, స్టీమ్‌ఛార్ట్స్ లాంటి సైట్లు దాన్నే ఎప్పటికప్పుడు తీసుకుని గ్రాఫ్ గీస్తాయి.

మిగతా దుకాణాలు ఇలా బయటపెట్టవు. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, ఎపిక్, మొబైల్ స్టోర్లు తమ దగ్గర ఫలానా గేమ్‌ని ఈ గంటలో ఎంతమంది ఆడుతున్నారో చెప్పవు. కాబట్టి స్టీమ్ అంకెని మొత్తం ప్రపంచపు లెక్క అనుకోకూడదు. కోనసీమ కొబ్బరి దిగుబడిని ఒక్క అంబాజీపేట మార్కెట్‌కి వచ్చిన కాయలతోనే లెక్కకట్టినట్టు ఉంటుంది. మార్కెట్ పెద్దదే, కానీ తోటలోంచి నేరుగా లారీ ఎక్కిన కాయ దాని లెక్కలోకి రాదు కదా. ఫోర్ట్‌నైట్ ప్రపంచంలో అతి పెద్ద గేమ్‌లలో ఒకటి. అది స్టీమ్‌లో లేదు. స్టీమ్ జాబితా మాత్రమే చూసేవాడికి అలాంటి గేమ్ ఒకటి ఉందనే తెలియదు.

పీక్ అంటారు, డైలీ అంటారు, మంత్లీ అంటారు, రిజిస్టర్డ్ అంటారు. అన్నీ ఒకటేనా?

కాదు. గొడవల్లో ముప్పావు వంతు ఇక్కడే పుడతాయి, అందుకే దీనికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను.

మా సెంటర్‌నే తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండాలని గుండ్రటి అంకెలు వేస్తున్నాను. ఆదివారం సాయంత్రం ఏడింటికి పన్నెండు సిస్టమ్‌లూ నిండాయనుకోండి. అది ఆ రోజు పీక్: 12. పొద్దున్నుంచి రాత్రి దాకా వచ్చి వెళ్ళినవాళ్ళు 40 మంది, అది డైలీ. నెల మొత్తంలో వచ్చిన వేర్వేరు మనుషులు 150 మంది, అది మంత్లీ. సెంటర్ తెరిచిన నాటి నుంచి రిజిస్టర్‌లో పేరు రాసినవాళ్ళు 2,000 మంది, అది రిజిస్టర్డ్ యూజర్లు. ఆ రెండు వేల మందిలో కొందరికి పెళ్ళిళ్ళయ్యాయి, కొందరు కువైట్ వెళ్ళిపోయారు, మౌస్ ముట్టుకుని ఏళ్ళయింది. అయినా రిజిస్టర్‌లో పేరు ఉంటుంది, ఆ అంకె ఎప్పటికీ తగ్గదు. నాలుగూ నిజాలే. కంపెనీ ప్రకటన ఇచ్చేటప్పుడు వీటిలో ఏది ఘనంగా కనపడితే అది వాడుతుంది. తప్పు పట్టను, నేను ఫ్లెక్సీ వేయించినా రెండు వేలనే వేయిస్తాను.

ఇంకోలా చెప్పాలంటే, వరదల్లో ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు వెళ్తోందని టీవీలో చెబుతారు. అది ఆ క్షణంలో బ్యారేజీ దాటుతున్న నీరు. సీజన్ మొత్తంలో ఎన్ని టీఎంసీలు సముద్రంలో కలిశాయన్నది వేరే లెక్క. ఒకేసారి ఆడుతున్నవాళ్ళ సంఖ్య క్యూసెక్కుల్లాంటిది, అమ్ముడైన కాపీల సంఖ్య టీఎంసీల్లాంటిది. ఒకదాన్ని పట్టుకుని రెండోదాని మీద వాదించకండి.

ఇక "మా గేమ్‌లో ఇన్ని కోట్ల మ్యాచ్‌లు జరిగాయి" అని వచ్చే ప్రకటనలైతే పుష్కర స్నానాల లెక్కే. 2015 పుష్కరాల్లో ఒకే మనిషి పొద్దున కోటిపల్లిలో, సాయంత్రం రాజమండ్రిలో మునిగితే లెక్కలో ఇద్దరవుతాడు. పుణ్యం సంగతి నాకు తెలియదు కానీ మనిషి మాత్రం ఒక్కడే.

పీక్ ఎక్కువ ఉంటే హిట్టే కదా?

ఓపెనింగ్స్ బాగున్నాయని అర్థం. మన జిల్లాల్లో ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. భీమవరంలో బెనిఫిట్ షో నిండినంత మాత్రాన బయ్యర్ బయటపడ్డాడని అర్థం కాదు.

స్టీమ్ చరిత్రలో అతి పెద్ద పీక్ పబ్‌జీది. 2018 జనవరిలో ఒకేసారి 32,57,248 మంది ఆడారు. అప్పటికి అది డబ్బు పెట్టి కొనాల్సిన గేమ్, ఫ్రీ అయింది 2022 జనవరిలో. అంటే ఆ 32 లక్షల మందీ కొన్నవాళ్ళే. అలాంటి పీక్ వెనక డబ్బు ఉందని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

తర్వాతి స్థానంలో 2024 ఆగస్టులో వచ్చిన చైనా గేమ్ బ్లాక్ మిత్ వుకాంగ్, 24 లక్షల పైచిలుకు. ఇది ఒంటరిగా ఆడే కథ గేమ్, ఆన్‌లైన్ మ్యాచ్‌లు లేవు. మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడయ్యాయని కంపెనీ ప్రకటించింది. పీక్‌లో పెద్ద వాటా చైనాదే. మన సెంటర్‌లో దాన్ని అడిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ప్రపంచ హిట్టుకి మన వీధిలో గిరాకీ ఉండాలని రూలేం లేదు.

అదే ఏడాది జనవరిలో వచ్చిన పాల్‌వరల్డ్ 21 లక్షలు దాటింది. పాకెట్‌పెయిర్ అనే చిన్న జపాన్ సంస్థ చేసిన గేమ్ అది. పెద్ద కంపెనీల ప్రచారం ఖర్చు పక్కన పెడితే, వీళ్ళకి ఈ అంకె ఎన్ని రెట్ల లాభమో ఊహించుకోవచ్చు. వందల కోట్లు ఖర్చు పెట్టిన గేమ్‌కి రెండు లక్షల పీక్ వస్తే ఆఫీసులో టెన్షన్. నలుగురు కుర్రాళ్ళు గదిలో కూర్చుని చేసిన గేమ్‌కి ఇరవై వేలు వస్తే ఇంట్లో పండగ. పెట్టుబడి ఎంతో తెలియకుండా ఒక్క పీక్ చూసి హిట్టు, ఫట్టు అనడం నాకు నచ్చదు.

సైబర్‌పంక్‌కి పది లక్షలు వచ్చినా తిట్లు తిన్నది ఎందుకు?

2020 డిసెంబరు 10న విడుదలైంది. స్టీమ్‌లో మొదటి రోజే పది లక్షల పీక్ దాటింది. అవన్నీ ఏళ్ళ తరబడి ఊరించిన ట్రైలర్లు తెచ్చిన జనం. పాత ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లలో గేమ్ సరిగ్గా నడవలేదు. వారం తిరిగేసరికి ప్లేస్టేషన్ కంపెనీ సోనీ తన దుకాణం నుంచే దాన్ని తీసేసింది, డబ్బులు వెనక్కి ఇచ్చింది. తిరిగి పెట్టింది 2021 జూన్‌లో. అంకె అబద్ధం చెప్పలేదు, ఎంతమంది ఆశపడ్డారో చెప్పింది. సంతోషపడ్డారో లేదో చెప్పడం దాని పని కాదు. ఆ తర్వాత కంపెనీ మూడేళ్ళు కూర్చుని బాగుచేసుకుంది. 2023 సెప్టెంబరులో పెద్ద అప్‌డేట్, కొత్త కథ వచ్చినప్పుడు జనం మళ్ళీ లక్షల్లో తిరిగొచ్చారు. నా దృష్టిలో ఆ రెండో అంకే గొప్పది, ఎందుకంటే ఒకసారి మోసపోయామనుకున్నవాళ్ళు వచ్చి ఇచ్చిన అంకె అది.

ఆడేవాళ్ళు సగానికి పడిపోయారు. గేమ్ చచ్చినట్టేనా?

ఇది రోజూ వచ్చే ప్రశ్న. ముందు నన్ను ఒకటి అడగనివ్వండి: ఆ గేమ్‌కి ముగింపు ఉందా, లేదా?

కథ గేమ్ అయితే పడిపోవాలి. పూర్తిచేసినవాడు వెళ్ళిపోతాడు, అది ఆరోగ్యం. భోజనం అయ్యాక విస్తరి ముందు ఇంకా కూర్చున్నాడంటే వడ్డించడంలో ఏదో లోటుందని అర్థం. వుకాంగ్‌లో నెల తర్వాత జనం తగ్గారని ఏడ్చేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది.

రోజూ ఆన్‌లైన్‌లో ఆడాల్సిన గేమ్ అయితే భయపడాలి. అమెజాన్ వాళ్ళ న్యూ వరల్డ్ 2021 సెప్టెంబరులో వచ్చింది, పీక్ 9,13,634. లోపలికి వెళ్ళడానికే గంటల తరబడి క్యూలు. కొత్త సంవత్సరం వచ్చేసరికి లక్ష చుట్టూ ఉంది. అలాంటి గేమ్‌లో ఊళ్ళు, సంతలు, యుద్ధాలు అన్నీ జనంతోనే నడుస్తాయి. జనం పలచబడ్డాక సర్వర్లని ఒకదాంట్లో ఒకటి కలపాల్సి వచ్చింది. ఇక్కడ తగ్గుదల రోగమే.

అయినా ఒక అంకె పట్టుకుని చెప్పకూడదు. మన లంక గ్రామాల వాళ్ళని గమనించండి. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కానీ వాళ్ళు ఫోన్ చేసి మొదట అడిగేది ఎన్ని అడుగులని కాదు, "పెరుగుతోందా, తగ్గుముఖం పట్టిందా?" అని. పన్నెండు అడుగులుండి పెరుగుతుంటే సామాన్లు సర్దుతారు. పద్నాలుగుండి తగ్గుతుంటే టీ పెట్టుకుంటారు. గేమ్ గ్రాఫ్ కూడా అలాగే చూడాలి. విడుదలైన మొదటి నెల పడిపోవడం అందరికీ ఉన్నదే. ఎక్కడ ఆగింది, ఆగినచోట నిలబడిందా, అప్‌డేట్ వచ్చినప్పుడు లేచిందా, లేచినవాళ్ళు వారం ఉన్నారా? ఈ నాలుగూ చూస్తే చాలు.

ఈవ్ ఆన్‌లైన్ అని ఒక అంతరిక్ష గేమ్ 2003 నుంచీ నడుస్తోంది. దాని జీవితకాలపు రికార్డు 2013లో వచ్చిన 65 వేల చిల్లర. పబ్‌జీతో పోలిస్తే చీమ తలకాయంత. కానీ నెలనెలా చందా కట్టేవాళ్ళతో ఇరవై ఏళ్ళు దాటి బతుకుతోంది. దాన్ని ఫ్లాప్ అంటే నేను ఒప్పుకోను.

మరి మొదట్లో ఎవరూ పట్టించుకోని గేమ్ తర్వాత లేవగలదా?

లేస్తుంది, అరుదుగా. అమాంగ్ అస్ 2018లో వచ్చింది. రెండేళ్ళు ఎవరికీ తెలియదు. 2020లో అందరం ఇళ్ళలో కూర్చున్నప్పుడు స్ట్రీమర్లు, అంటే ఆడుతూ లైవ్‌లో చూపించేవాళ్ళు, పట్టుకున్నారు. ఆ సెప్టెంబరులో స్టీమ్‌లోనే 4,47,476 మంది ఒకేసారి ఆడారు, ఫోన్లలో ఆడినవాళ్ళు అదనం. రెండో భాగం చేస్తామని ప్రకటించిన తయారీదారులు ఆ పని మానుకుని, ఉన్న గేమ్‌నే పెంచుకుంటూ పోయారు.

నో మ్యాన్స్ స్కైది ఇంకో రకం. 2016 ఆగస్టులో రెండు లక్షలు దాటిన పీక్, రెండు నెలల్లో పాతాళం. ఇస్తామన్నవి ఇవ్వలేదని తిట్లు. మిగతావాళ్ళయితే దుకాణం కట్టేసేవాళ్ళు. వీళ్ళు నోరు మూసుకుని ఏడాదికేడాది ఉచిత అప్‌డేట్లు ఇస్తూ పోయారు, ప్రతిదానికీ కొంత జనం తిరిగొచ్చారు.

ఇక నాకు ఇష్టమైనది స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్ళకు పైగా కూర్చుని చేసిన వ్యవసాయం గేమ్, 2016 ఫిబ్రవరిలో వచ్చింది. దాని అతి పెద్ద పీక్ విడుదల రోజున రాలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత, 2024 మార్చిలో వచ్చిన అప్‌డేట్‌కి 2,36,614 మంది చేరారు. ఆ ఏడాది చివరికి నాలుగు కోట్ల కాపీలు దాటింది. మా సెంటర్‌లో ఒకడున్నాడు, ఊడుపుల టైమ్‌లో వాళ్ళ నాన్న పొలానికి రమ్మంటే పలకడు కానీ ఇందులో తెల్లారకుండానే లేచి మొక్కలకి నీళ్ళు పోస్తాడు. వాళ్ళ నాన్న ఒకసారి వచ్చి తెర చూసి, "ఇదేదో మా చేలో చెయ్యొచ్చు కదరా" అని వెళ్ళిపోయారు.

కాంకార్డ్ గురించి చెప్పండి. అంత ఘోరంగా ఎందుకు పోయింది?

సోనీ వాళ్ళ షూటర్, అంటే తుపాకులతో కాల్చుకునే గేమ్. 2024 ఆగస్టు 23న వచ్చింది, సెప్టెంబరు 6న మూసేశారు. రెండు వారాలు. స్టీమ్‌లో అత్యధికంగా ఒకేసారి ఆడినవాళ్ళు 697 మంది. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో ఒక మాదిరి పెళ్ళికి అంతకన్నా ఎక్కువ విస్తళ్ళు లేస్తాయి. కొన్నవాళ్ళందరికీ డబ్బు తిరిగిచ్చారు, తయారుచేసిన స్టూడియోని అక్టోబరులో మూసేశారు.

గేమ్ ఆడటానికి చెడ్డగా లేదని ఆడిన కొద్దిమందీ అన్నారు. కానీ అలాంటివి ఫ్రీగా దొరుకుతున్న రోజుల్లో దీన్ని 40 డాలర్లకి అమ్మారు. పైగా ఆన్‌లైన్ షూటర్‌కి జనమే సరుకు. పది మంది లేకపోతే మ్యాచ్ మొదలవదు, మ్యాచ్ కోసం ఐదు నిమిషాలు కూర్చున్నవాడు మరునాడు రాడు, వాడు రాకపోతే ఇంకొకడికి ఐదు నిమిషాలు పది అవుతాయి. పైగా ఈ అంకె అందరికీ కనపడుతోంది. తక్కువని చూసి కొనేవాడు ఆగిపోయాడు, ఆగిపోయినందుకు ఇంకా తగ్గింది. ఖాళీ హోటల్లోకి మనమూ అడుగుపెట్టం కదా, అదే.

ఈ అంకెల్లో దొంగ లెక్కలు ఉంటాయా?

ఉంటాయి. 2024 వేసవిలో బనానా అనే గేమ్ స్టీమ్ జాబితాలో పైపైకి వెళ్ళి తొమ్మిది లక్షలు దాటింది. ఏం గేమ్ అంటారా? తెర మీద ఒక అరటిపండు బొమ్మ. నొక్కితే అంకె పెరుగుతుంది. అంతే. అమృతపాణి కాదు, చక్కెరకేళీ కాదు, ఉత్త బొమ్మ. కొన్ని గంటలకోసారి ఒక వస్తువు వస్తుంది, దాన్ని స్టీమ్ మార్కెట్లో అమ్ముకోవచ్చు. చాలావరకు పైసలే, కొన్ని అరుదైనవి మాత్రం బాగా పలికాయి. దాంతో జనం గేమ్ తెరిచి వదిలేశారు. ఒక్కొక్కరు బోలెడు ఖాతాలు, బాట్లు (మనిషి బదులు తనే ఆడే ప్రోగ్రాములు) పెట్టి నడిపారు. రావులపాలెం మార్కెట్లో ఒక్కరోజు గెలలు మోసినవాళ్ళకి ఈ గేమ్ చూపిస్తే ఏమంటారో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

బాట్లు లేకపోయినా అంకెలో గాలి ఉంటుంది. గేమ్ తెరిచి అన్నానికి వెళ్ళినవాడూ లెక్కలోనే ఉంటాడు. శని, ఆదివారాలు ఫ్రీగా ఇచ్చిన గేమ్‌లో సోమవారం సగం ఖాళీ. కొత్త సీజన్ బహుమతుల కోసం ఐదు నిమిషాలు లాగిన్ అయ్యేవాళ్ళు ఇంకో రకం.

ఉల్టా కూడా జరుగుతుంది, అంకె నిజం కన్నా తక్కువ చూపిస్తుంది. హెల్‌డైవర్స్ 2 వచ్చిన 2024 ఫిబ్రవరిలో సర్వర్లు తట్టుకోలేక ఒకేసారి 4,50,000 మందికి మించి రానివ్వకుండా కొన్నాళ్ళు పరిమితి పెట్టారు. బయట ఎంతమంది నిలబడ్డారో గ్రాఫ్‌లో ఉండదు. హౌస్‌ఫుల్ బోర్డు సీట్ల సంఖ్య చెబుతుంది, గేటు దగ్గర తోపులాట గురించి చెప్పదు.

"ఇన్ని కోట్ల మంది ఆడారు" అంటే అన్ని కాపీలు అమ్ముడైనట్టేనా?

మాట జాగ్రత్తగా వినండి. "ప్లేయర్లు" అన్నారా, "కాపీలు" అన్నారా? పాల్‌వరల్డ్ వచ్చిన నెలకి రెండున్నర కోట్ల మంది ప్లేయర్లని ప్రకటించారు. అందులో కోటిన్నర స్టీమ్‌లో అమ్ముడైన కాపీలు. మిగతా కోటి ఎక్స్‌బాక్స్‌లో ఆడినవాళ్ళు. అక్కడ గేమ్ పాస్ చందా కట్టినవాళ్ళకి అది విడిగా కొనకుండానే వస్తుంది. వాళ్ళు విడదీసి చెప్పారు కాబట్టి మనకి తెలిసింది. చాలామంది విడదీయరు.

అమ్మకాలు బయటపెట్టని గేమ్‌లకి రివ్యూల సంఖ్యని ముప్పైతోనో యాభైతోనో హెచ్చవేసి అంచనా కట్టే అలవాటుంది. మునుపు స్టీమ్‌స్పై అనే సైట్ జనం ప్రొఫైళ్ళు చూసి లెక్కలు కట్టేది. 2018 ఏప్రిల్‌లో వాల్వ్ ఆ ప్రొఫైళ్ళని మూసి ఉంచడం మొదలుపెట్టాక ఆ లెక్క చెదిరిపోయింది. ఏదైనా అంచనా అంచనాయే, చేలో నిలబడి ఎకరానికి ఎన్ని బస్తాలని చెప్పడం లాంటిది. కోత అయ్యాక చూద్దాం.

ఫోన్ గేమ్‌లకి ఈ లెక్క ఎందుకు కనపడదు? మేమంతా ఫోన్‌లోనే కదా ఆడేది?

ప్లే స్టోర్‌లో కనపడేది డౌన్‌లోడ్ల మెట్టు మాత్రమే, "10 కోట్లు+" అని. ఇన్‌స్టాల్ చేసి సాయంత్రానికి తీసేసినవాడూ అందులో ఉంటాడు.

మన దేశంలో ఫోన్ గేమ్ భవిష్యత్తు ప్లేయర్ల చేతిలో మాత్రమే లేదని కూడా గుర్తుపెట్టుకోండి. పబ్‌జీ మొబైల్ బ్రహ్మాండంగా నడుస్తుండగా 2020 సెప్టెంబరు 2న నిషేధించారు. దాని బదులు పబ్‌జీ కంపెనీ క్రాఫ్టన్ 2021 జులైలో మన దేశం కోసం బీజీఎంఐ తెచ్చింది, ఏడాదిలో పది కోట్ల రిజిస్టర్డ్ యూజర్లని ప్రకటించింది. అదే నెల, 2022 జులై 28న, స్టోర్ల నుంచి మాయమైంది. తిరిగొచ్చింది 2023 మేలో. ఫ్రీ ఫైర్ కూడా 2022 ఫిబ్రవరిలో పోయింది, ఫ్రీ ఫైర్ మాక్స్ మాత్రం మిగిలింది. బీజీఎంఐ లేని ఆ పది నెలల గుంటని ఎవరైనా పదేళ్ళ తర్వాత గ్రాఫ్‌లో చూసి జనం విసిగిపోయారనుకుంటే తప్పు. జనం ఉన్నారు, తలుపు మూసి ఉంది. ఆ నెలల్లో మా సెంటర్‌కి కొత్త మొహాలు వచ్చాయి, వాళ్ళ నష్టం నాకు లాభం అయింది. ఒప్పుకుంటాను.

ఆడేవాళ్ళు మన దగ్గర కోట్లలో ఉంటే కంపెనీలకి డబ్బు కూడా ఇక్కడి నుంచే ఎక్కువ వస్తుందా?

లేదండి. ఫ్రీ గేమ్‌లో వంద మంది ఆడితే స్కిన్లు, అంటే బొమ్మకి వేసే కొత్త వేషాలు, కొనేది ఏ ఇద్దరో ముగ్గురో. మన దగ్గర ఆ ఇద్దరు కూడా కొనేముందు అమ్మ ఫోన్‌లో ఓటీపీ కోసం తంటాలు పడాలి. అమెరికాలోనో జపాన్‌లోనో ఒక ప్లేయర్ పెట్టే ఖర్చు మన దగ్గర చాలామంది కలిసినా రాదు. అయినా మనం ఎందుకు కావాలంటే, డబ్బు పెట్టేవాడికి ఎదురుగా ఆడటానికి మనుషులుండాలి. కోడికి బరి, బరికి జనం. జనమంతా పందెం కాయరు, కానీ జనం లేని బరిలో పందెగాడు నిలబడడు.

రమ్మీ, బెట్టింగ్ యాప్‌ల అంకెలు కూడా ఇలాగే చూడాలా?

వాటి గురించి నా దగ్గర అడగొద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసింది. నేను చెప్పేది వీడియో గేమ్‌ల సంగతి.

కొత్త గేమ్ కొనేముందు ఈ అంకెతో నాకేం ఉపయోగం?

ఒంటరిగా ఆడేదైతే దాదాపు ఏమీ లేదు. రివ్యూలు చదువుకోండి, మీ సిస్టమ్ లాగుతుందో లేదో చూసుకోండి.

ఆన్‌లైన్ గేమ్ అయితే మాత్రం 24 గంటల గ్రాఫ్ చూడండి. స్టీమ్‌లో రోజువారీ శిఖరం సాధారణంగా మన సాయంత్రం ఏడు, ఎనిమిది ప్రాంతంలో వస్తుంది. అప్పుడు చైనాలో రాత్రి, యూరప్‌లో మధ్యాహ్నం. ఒక గేమ్ శిఖరం మన తెల్లవారుజామున వస్తోందంటే అది అమెరికా జనం ఆడే గేమ్. మీరు రాత్రి తొమ్మిదికి కూర్చుంటే ఎదురుగా ఎవరూ ఉండరు.

ఇది డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మూడేళ్ళ కిందట ఒక షూటర్‌లో యాభై వేల మంది ఆడుతున్నారని చూసి, నాలుగు ఖాతాలకి కొన్నాను. పేరు చెప్పను. మ్యాచ్ పెడితే పదిహేను నిమిషాలు చక్రం తిరుగుతుంది, దొరికితే ఎక్కడో అవతలి ఖండంలో సర్వర్, నువ్వు కాల్చేలోపు నువ్వే పోతావు. ఆ యాభై వేల మందిలో మన వైపువాళ్ళు పదుల్లో కూడా లేరు. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 మా దగ్గర తెగకుండా నడవడానికి ఒక కారణం వాటికి ముంబై, చెన్నైలలో సర్వర్లు ఉండటం.

గల్ఫ్‌లో ఉన్న అన్నయ్యతోనో బావతోనో ఆడాలనుకునేవాళ్ళకి ఇంకో మాట. మస్కట్ మనకి గంటన్నర వెనక, కువైట్ రెండున్నర గంటలు వెనక. వాళ్ళు డ్యూటీ దిగి గదికొచ్చేసరికి మీకు రాత్రి పది దాటుతుంది. ప్రపంచంలో ఎన్ని లక్షల మంది ఆడుతున్నా, శుక్రవారం ఆయనకి సెలవా కాదా అన్నదే మీకు కావాల్సిన లెక్క.

మా అబ్బాయి గేమ్‌లు తయారుచేస్తానంటున్నాడు. ఈ అంకెలు చూపించి ఇందులో బోలెడు డబ్బుందంటున్నాడు. నిజమేనా అండి?

ఒక పెద్దాయన అడిగారిది, రాజోలు వైపు వారు. ఆయనకి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను.

మీవాడు చూపించేది జాబితాలో పై వంద గేమ్‌లు. ఒక్క 2024లోనే స్టీమ్‌లో 18 వేలకు పైగా కొత్త గేమ్‌లు వచ్చాయి. వాటిలో చాలావాటిని తయారుచేసినవాళ్ళ స్నేహితులు తప్ప ఎవరూ ఆడలేదు. అవి ఏ గ్రాఫ్‌లోనూ కనపడవు కాబట్టి మనకి లేనట్టే అనిపిస్తుంది. ఇందాక చెప్పిన స్టార్‌డ్యూ వ్యాలీ ఆయన కూడా థియేటర్లో జనానికి సీట్లు చూపించే పార్ట్‌టైమ్ ఉద్యోగం చేస్తూ చేసుకున్నాడు. కాబట్టి చదువు మానేస్తానంటే ఒప్పుకోకండి. సాయంత్రాలు చేస్తానంటే ఆపకండి. చిన్నది ఒకటి పూర్తిచేసి మా సెంటర్‌కి తెమ్మనండి, ఇక్కడి కుర్రాళ్ళ చేత ఆడిస్తాను. రెండో రోజు తమంతట తామే అడిగి ఎంతమంది ఆడారో రాసిస్తాను. స్టీమ్‌కి వెళ్ళేముందు వాడికి కావాల్సిన మొదటి అంకె అది.

అన్నా, ఇప్పుడు మీ సెంటర్‌లో ఎంతమంది ఉన్నారు?

ఇది రాస్తున్నప్పుడు ముగ్గురు. ఇంటర్ పరీక్షలు, ఈ నెలంతా ఇంతే. ముగ్గురిలో ఒకడు కౌంటర్ స్ట్రైక్, ఒకడు పొలానికి నీళ్ళు పెడుతున్నాడు. మూడోవాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిద్రపోతున్నాడు, వాడి గేమ్ మాత్రం నడుస్తోంది.